గొట్టంలో కిందటేటి మందు

సెప్టెంబర్ 1, ఆదివారం

పురుగుమందుల కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఎనిమిది నెలలు బీరువా మీద ఖాళీగా పడుంది. ఇవాళ దించాను. ఎందుకు దించానో తర్వాత రాస్తాను.

పొద్దున్న అన్నయ్య ఇంట్లో అందరం కూర్చున్నాం. ఈ దసరాకి జమ్మి దగ్గర మా ఇంటి తుపాకీ పేల్చేది మా పావని అని ఖాయమైంది. నాకు అరవై నిండాయి, చెయ్యి దింపాలి, అంటే పేల్చే హక్కు వదులుకోవాలి. అది మా వంశంలో ఆనవాయితీ. నా తర్వాత నా సంతానం. నాకున్నది ఒక్కత్తే. ఆడపిల్ల తుపాకీ పట్టడమేంటని నాగరత్నం వదిన అడ్డుపడుతుందనుకున్నాను. అడ్డుపడలేదు సరికదా, "పట్టనివ్వండి, మీకంటే దానికే గురి ఎక్కువ" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పాజీ అన్నయ్య ఒక్కడే నవ్వలేదు. నావైపే చూస్తూ, "ఏరా గున్నేశ్వర్రావూ, పిల్ల చేతికి ఇచ్చేముందు తుపాకీ సంగతి నువ్వేమైనా చెప్పాల్సింది ఉందా?" అన్నాడు.

"ఏముంది అన్నయ్యా, వత్తి ముట్టించడమేగా" అన్నాను.

"సరే" అన్నాడు.

పావని చిన్నపిల్లలా గంతులేసింది. ఇరవై ఆరేళ్ళొచ్చాయి, సామర్లకోటలో వ్యవసాయ శాఖ ఉద్యోగం. అయినా గంతులు మానలేదు.

సెప్టెంబర్ 2, సోమవారం

పొలానికని రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ సగం దారిలోంచి తిరిగొచ్చాను. "కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటండీ" అంది మా ఆవిడ సత్యవాణి. ఈవిడకి నా కాళ్ళ మీద తప్ప మరి దేని మీదా దృష్టి ఉండదు.

తుపాకీ గురించి రాయడం మొదలుపెడితే మిగిలింది దానంతట అదే వస్తుందేమో చూద్దాం. నాలుగున్నర అడుగుల ఇనప గొట్టం, భుజానికి ఆనించే టేకు మడమ. పక్కన పాము తలలాంటి కొక్కెం. అందులో నిప్పంటించిన నూలు వత్తి బిగిస్తారు. కింద మీట నొక్కితే ఆ పాము వంగి, గొట్టం పక్కనున్న చిన్న పళ్ళెంలో పోసిన చిటికెడు తుపాకీ మందుని కాటేస్తుంది. ఆ చిటికెడునే రంజకం అంటారు. రంజకం భగ్గుమంటే ఆ నిప్పు గొట్టానికున్న సన్నటి రంధ్రంలోంచి లోపలికి పాకి అసలు మందుని అంటుకోవాలి. ఆ రంధ్రాన్ని మేము చెవి అంటాం. చెవికి వినబడితేనే తుపాకీ పలుకుతుంది.

మా వాడుక ఏంటంటే, జమ్మి దగ్గర ఎవరి చేతిలో తుపాకీ మూగబోతే వాళ్ళ చెయ్యి దిగిపోతుంది. వంశంలో పక్క ఇంటికి వెళ్తుంది. 2002లో అన్నయ్య చేతిలో మూగబోయింది. వానకి వత్తి తడిసింది. ఊరంతా బాణసంచా కాలుస్తున్నారు, ఆ గోలలో ఎవరికీ తెలిసేది కాదు. అన్నయ్య తుపాకీ దించి, "పేలలేదు" అని అందరికీ వినపడేలా చెప్పాడు. అలా చెయ్యి నాకొచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళు నేనే పేల్చాను. మా అన్నయ్యంత నెమ్మదస్తుడి చేతిలో తుపాకీ కూడా గొంతెత్తదని ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమందిని నవ్వించానో.

సెప్టెంబర్ 3

ఇవాళ రాయబుద్ధి కాలేదు.

సెప్టెంబర్ 5, గురువారం

హైస్కూలు హెడ్మాస్టరు ఫోన్ చేశారు. ఈ ఏడు కూడా పిల్లలకి చందుర్తి యుద్ధం గురించి చెప్పాలట. చెప్తాను, నోటికొచ్చిందే కదా. 1758 డిసెంబరు, ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ మన పిఠాపురం పక్కన పొలాల్లో కొట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళ వైపు విజయనగరం రాజుగారు. రాజుగారి దండులో మా మూలపురుషుడు పెద పాపయ్య. తెల్లవాళ్ళ చేతుల్లో అప్పటికే చెకుముకి తుపాకులు, మనవాళ్ళవి చాలామటుకు వత్తి తుపాకులే. పాపయ్య ఈ తుపాకీతోనే ఒక్క గుండుకి గుర్రం మీది ఫ్రెంచి దొరని పడగొట్టాడు. అప్పట్నుంచి ఏటా ఆ గుండు పేరున జమ్మి దగ్గర ఒక్క చప్పుడు చేస్తాం. గుండు వెయ్యం, మందూ కొబ్బరి పీచూ మాత్రమే.

పిల్లలకి చెప్పనిది ఒకటుంది. కాకినాడలో బి.ఏ. చదివే రోజుల్లో ఒక ఇంగ్లీషువాడి పాత చరిత్ర చదివాను. యుద్ధం జరుగుతున్నంతసేపూ రాజుగారి దండు ఒక ఎండిన చెరువు గుంటలో నక్కి కూర్చుందట. అదే నిజమైతే పాపయ్య గుండు పేల్చనే లేదు. ఆ పుస్తకం లైబ్రరీకి తిరిగిచ్చేశాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం ప్రయోజనం?

సెప్టెంబర్ 6, శుక్రవారం

సరే, రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

కిందటి దసరాకి తుపాకీ పేలలేదు.

వదిన ఏటా పూజలో తుపాకీకి పసుపు రాస్తుంది. ఆసారి మెత్తగా, దండిగా రాసింది. చెవిలోకి ముద్ద దిగి ఎండి బిరడాలా బిగిసినట్టుంది, నేను చూసుకోలేదు. రంజకం భగ్గుమంది, పొగ లేచింది, గొట్టం మాత్రం కిక్కురుమనలేదు. సరిగ్గా అదే క్షణాన వెనకాల ఎవడో లక్ష్మీబాంబు పేల్చాడు. జనం చప్పట్లు కొట్టారు. "ఈసారి గట్టిగా పేలిందండీ" అంది సత్యవాణి. నేను అబద్ధం ఆడలేదు. అన్నవాళ్ళని కాదనలేదు, అంతే.

మర్నాడు తుపాకీ కడిగే పని నాదే. మందు కూరే ఇనప కడ్డీని గజం అంటాం, అది లోపలికి దింపితే అడుగుకి జానెడు పైనే పీచు తగిలింది. దాన్ని లాగే మర కొక్కెం అన్నయ్య బీరువాలో ఉంటుంది. అడిగితే ఎందుకంటాడు. అన్నయ్య వరండాలోనే పేపరు చదువుతున్నాడు. అందుకని గొట్టంలో అర చెంబు నీళ్ళు పోసి, తుడిచి, గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టాను. పెట్టె అన్నయ్య దేవుడి గదిలో ఉంటుంది, మళ్ళీ దసరాకే తెరుస్తారు.

నీళ్ళు పడ్డాక మందు ఏం బతుకుతుంది? చచ్చి ఉంటుంది. ఇంత చిన్నదానికి నేను అనవసరంగా కంగారుపడుతున్నాను.

సెప్టెంబర్ 10, మంగళవారం

ఏలేరు పొంగింది. మా చేలు మూడొంతులు మునిగాయి. అన్నయ్య ఇంటి వీధిలో మోకాలిలోతు నీళ్ళు.

నీళ్ళలో పడి వెళ్ళాను. వాళ్ళు ఎలా ఉన్నారోనని అని రాద్దామనుకున్నాను. కాదు. దేవుడి గదిలోకి నీళ్ళు వచ్చాయా, పెట్టె తడిసిందా అని చూడటానికి వెళ్ళాను. రాలేదు. మెట్టు దగ్గరే ఆగాయి. గడప పొడిగా ఉండటం చూసి నా మొహం ఎలా పెట్టానో ఏమో, "భయపడకురా, మనింటికేం కాలేదు" అని అన్నయ్య నా భుజం తట్టాడు.

అన్న ఇల్లు మునగాలని కోరుకున్నాను. ఛీ.

సెప్టెంబర్ 15, ఆదివారం

పావని వచ్చింది. సెలవంతా ఫోన్‌లో పాత తుపాకుల గురించే చదువుతోంది. భోజనాల దగ్గర కూడా అదే.

"నాన్నా, పూర్వం యూరప్ సైన్యాల్లో వత్తి తుపాకీ పేల్చడాన్ని నలభై రెండు పనులుగా విడగొట్టి, బొమ్మలేసి మరీ నేర్పేవారట. మందు ఒక చేత్తో, వెలుగుతున్న వత్తి ఇంకో చేత్తో. కొంచెం ఏమరితే వాడే పేలిపోతాడు. శత్రువు దాకా ఎందుకు!"

"అన్నం తినవే ముందు" అంది వాళ్ళమ్మ.

"ఇది విను. అమెరికాలో ఒక పెద్ద యుద్ధం అయ్యాక, మైదానంలో పడున్న తుపాకులు ఏరితే వేలకి వేలు రెండేసి మూడేసిసార్లు మందు కూరి ఉన్నాయట. వత్తి తుపాకులు కావులే, తర్వాతి కాలంవి, కానీ మూతిలోంచి కూరేవే. తన తుపాకీ పేలకపోయినా, పక్కవాడి చప్పుడు విని తనదే పేలిందనుకుని మీద మళ్ళీ కూరేవారట. అలాంటిది అంటుకుంటే గొట్టం చీలిపోతుంది. పట్టుకున్నవాడి మొహం ఉండదు."

నాకు పొలమారింది. సత్యవాణి నెత్తి మీద కొట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంది.

మధ్యాహ్నం పావని ఒక కాగితం తీసి, మన తుపాకీకి ఎన్ని పనులో తెలుగులో రాసింది. పందొమ్మిది తేలాయి. రాస్తూ రాస్తూ తలెత్తి, "మొదటిది గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడటం. నాన్నా, కిందటేడు నువ్వు పేల్చాక లోపల ఏమీ మిగిలి ఉండదు కదా?" అంది.

"ఉండదు" అన్నాను.

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట. పావని ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించి వెళ్ళింది. నేను మంచినీళ్ళకి కూడా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళడం లేదు.

సెప్టెంబర్ 17, మంగళవారం

బాణసంచా కట్టే ఏసుపాదం దగ్గరికి వెళ్ళాను. ఏటా మాకు మందు ఇచ్చేది అతనే.

"ఏసుపాదం, తడిసిన మందు ఏడాదికి చచ్చిపోతుందా?" అన్నాను, ఏదో మాటవరసకి అన్నట్టు.

"మందుకి చావు లేదండి బాబూ. తడిత్తే పడుకుంటాదండి, ఆరితే లెగుద్దండి. కొంచెం నీరసపడుద్దేమో గానండి, ఎప్పుడు లెగుద్దో దానిట్టం. అసలు తడవని మందైతే మా తాత దాచింది నా పెళ్ళిలో పేల్చానండి నేను. ఎందుకండీ అడుగుతున్నారు?"

"ఊరికే."

"ఊరికే మందు గురించి అడిగేవోళ్ళని చూత్తే నాకు బయ్యమండి" అని నవ్వాడు.

కొంచెం నీళ్ళు పోసినట్టే గుర్తు. అర చెంబు కాకపోవచ్చు.

సెప్టెంబర్ 18

చెప్పాలి.

సెప్టెంబర్ 19

ఎవరికి? ఎలా? ఊరికే "చెప్పాలి" అని రాస్తే అయిపోయిందా?

సెప్టెంబర్ 22, ఆదివారం

అన్నయ్య ఇంటికి వెళ్ళి, "ఈసారి పావని పట్టుకుంటుంది కదా, పెట్టె ముందే తెరిచి ఓసారి శుభ్రం చేయనా?" అన్నాను. తెలివిగా అడిగాననే అనుకున్నాను.

"ఎప్పుడూ లేనిది ఎందుకురా? పూజరోజు తెరుద్దాం" అన్నాడు.

"తుప్పు పట్టిందేమోనని."

"తుప్పు తప్ప ఇంకేమైనా ఉందా?"

"ఇంకేముంటుంది?"

అన్నయ్య వదినని పిలిచి నాకు కాఫీ ఇమ్మన్నాడు. ఏప్రిల్ నుంచి నాతో ఇలాగే ముక్తసరిగా ఉంటున్నాడు. ఎన్నికలకి ముందు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలంటే తనే తీసికెళ్ళి ఇచ్చాడు, జూన్‌లో తనే తెచ్చుకున్నాడు. నన్ను రమ్మనలేదు. చేను గట్టు దగ్గర మా పాలేరు మట్టి కోశాడని కోపం కాబోలు. ఇంత వయసొచ్చి గట్టు మట్టికి అలకేంటో.

చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. చెయ్యి అన్నయ్య ఇంటికి పోతుంది. పావనికి ఈ జన్మకి రాదు. అది అంత సరదా పడుతోంది, దాని నోటి దగ్గరి ముద్ద లాగెయ్యనా? నేను చెప్పకుండా ఉంటున్నది పావని కోసమే.

పై వాక్యం మళ్ళీ చదివాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

సెప్టెంబర్ 29, ఆదివారం

పావని రోకలి పట్టుకుని పెరట్లో సాధన చేస్తోంది. భుజానికి ఆనించి, ఎడమ కన్ను మూసి, నోటితో "ఢాం" అంటుంది. వాళ్ళమ్మ మురిసిపోతోంది. రోకలి మడమ దాని చెంపకి ఎంత దగ్గరగా ఉందో నేను చూస్తూ కూర్చున్నాను. గొట్టం చీలితే మొదట తగిలేది అక్కడే.

నీళ్ళ సంగతి. గొట్టంలో పొయ్యలేదు. అన్నయ్యకి వినపడాలని చెంబెడు నీళ్ళు గచ్చు మీద పోశాను. గొట్టంలో పోస్తే తుప్పు పడుతుంది, తుప్పు పడితే గజం దింపి చూస్తారు, చూస్తే తెలుస్తుంది. ఇంత ఆలోచన ఆ పూటే చేశాను. మందు పొడిగా ఉంది. ఏసుపాదం తాత దాచినదానిలాగే.

అక్టోబర్ 3, గురువారం

నవరాత్రులు మొదలు. తొమ్మిది రోజులున్నాయి. చాలా ఉంది టైము.

అక్టోబర్ 6, ఆదివారం

పావనిని బండి మీద సామర్లకోట దింపడానికి నేనే వెళ్ళాను. దారిలో చెప్పెయ్యాలనే. పిఠాపురం దాటాక మొదలుపెడదామనుకున్నాను. గేటు పడింది. గేటు తీశాక అనుకున్నాను. గేటు తీశారు, లారీలు. తర్వాత ఊరొచ్చేసింది.

దిగి హెల్మెట్ తీస్తూ, "నాన్నా, నాకు లోపల్లోపల భయంగానే ఉంది. ఎవరికీ చెప్పకు. నువ్వు పక్కనే ఉంటావుగా?" అంది.

"ఉంటానమ్మా."

"అయితే ఓకే" అని లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగొస్తుంటే కళ్ళు మసకలు కమ్మి ఒక చోట బండి ఆపేశాను.

అక్టోబర్ 8, మంగళవారం

దారి దొరికింది. పసుపు!

పూజలో తుపాకీకి ఈసారి పసుపు నేనే రాస్తాను. చెవిలోకి బాగా కూరుతాను. రంజకం అంటుకుంటుంది, లోపలికి నిప్పు పోదు. కిందటేడు ఎలా పేలలేదో ఈ ఏడూ అలాగే పేలదు. పిల్లకి ఏమీ కాదు. తర్వాత నెమ్మదిగా మర కొక్కెం సంపాదించి అంతా లాగేస్తాను. నెలరోజుల తర్వాత ఇవాళే కడుపునిండా తిన్నాను.

అక్టోబర్ 9, బుధవారం

తుపాకీ మూగబోతే ఊరందరి ముందు మూగబోయేది పావని చేతిలో. ఆడపిల్ల పట్టింది కాబట్టే పలకలేదంటారు. ఆ మాట దాని జీవితమంతా ఉంటుంది. నిన్న అన్నం తింటున్నంతసేపూ ఇది నాకు తట్టలేదా? తట్టింది. తట్టినా తిన్నాను.

అయినా ప్రాణం కంటే పేరు ఎక్కువా? పేరు పోతే పోతుంది.

నా పేరు గురించి మాత్రం నేను ఆ మాట అనుకోలేదు.

అక్టోబర్ 12, శనివారం, పొద్దున్న

పసుపు రాశాను. వదిన "ఈ ఏడు మీకు భక్తి ఎక్కువైందండోయ్" అంది. అగ్గిపుల్లతో అదిమి మరీ కూరాను. ఇక భయం లేదు.

చేతులకి పసుపు పోవడం లేదు.

అక్టోబర్ 13, ఆదివారం

కుడి చేతి వేళ్ళు కాలాయి. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. అయినా జరిగింది జరిగినట్టు ఇవాళే రాయాలి, రేపటికి నా బుద్ధి దీన్ని ఇంకోలా మార్చేస్తుంది.

సాయంత్రం నాలుగున్నరకి జమ్మి దగ్గర ఊరంతా చేరింది. అన్నయ్య కాలు నొప్పికి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పావని పట్టు పరికిణీ కాదు, చుడీదార్ వేసుకుని చున్నీ నడుముకి బిగించింది. చేతిలో ఆ కాగితం. జనం వైపు తిరిగి, "ఈ తుపాకీ పేల్చడానికి పందొమ్మిది పనులండి. నేను చేస్తుంటాను, మీరు లెక్కపెట్టండి" అంది. పిల్లలు ఈలలు వేశారు.

"ఒకటోది మా నాన్న ముందే చూసేశారు. కాబట్టి రెండు నుంచి."

"రెండు!" అన్నారు అందరూ.

ఐదో పని చెవిలో సూది పెట్టి చూడటం. నాకు తెలీదు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళనివాడికి కాగితంలో ఏముందో ఎలా తెలుస్తుంది? చుడీదార్‌కి గుచ్చుకున్న పిన్నీసు తీసి చెవిలో పొడిచింది. నేను కూరిన పసుపు ముద్దముద్దగా ఊడి వచ్చింది. "పెద్దమ్మా, ఎంత పసుపు రాశావే!" అని నవ్వి, నోటితో ఊది శుభ్రం చేసింది. జనం "ఐదు!" అన్నారు.

ఎనిమిది, మందు పోసింది. పది, పీచు. పదకొండు, పన్నెండు, గజంతో దట్టించింది. ఎంత లోతుకి దిగిందో చూడాలన్న తెలివి కూడా లేదు. ప్రతి అంకెకీ నోరు తెరిచాను. తర్వాతి అంకెకి చెబుదామని మూశాను. పద్నాలుగు, రంజకం పళ్ళెంలో పోసింది. పదహారు, వత్తి ఊదింది, కొస ఎర్రగా అయింది. పదిహేడు, పాము నోట్లో బిగించింది. పద్దెనిమిది, భుజానికి ఎత్తి చెంప ఆనించింది. ఎడమ కన్ను మూసే ముందు ఒక్కసారి నావైపు చూసింది, పక్కనే ఉన్నానా అని.

అప్పుడు పరిగెత్తాను. వెలుగుతున్న వత్తిని గుప్పిట్లో పట్టుకుని లాగేశాను.

"వద్దు! పేలలేదు! కిందటేడు పేలలేదు! లోపల మందుంది!"

ఊళ్ళో అంతమంది ఒక్కసారిగా మాట్లాడకపోవడం నేనెప్పుడూ వినలేదు.

అన్నయ్య కుర్చీలోంచే అన్నాడు. "లోపల ఏం లేదురా. ఇప్పుడు పిల్ల పోసిందే ఉంది."

"లేదన్నయ్యా, నేను తియ్యలేదు..."

"నేను తీశాను. ఏప్రిల్లో స్టేషన్‌కి తీసికెళ్ళేముందు. తుపాకీ ఖాళీ అని అక్కడ సంతకం పెట్టాలి కదా, ఎందుకైనా మంచిదని గజం దింపి చూశాను. జానెడు పైనే ఆగింది. కొక్కెం పెట్టి లాగితే పీచు, దాని వెనక మందు. పొడిగా ఉంది."

నాకు మొదట వచ్చింది కోపం. సిగ్గు తర్వాత. "అంటే ఆర్నెల్ల నుంచీ తెలుసా? నన్ను పరీక్ష పెట్టావా?"

"పరీక్షేంటిరా. ఇవాళో రేపో నువ్వే చెప్తావని చూశాను. ఇంటి మాట, నీ నోటితో వస్తే బాగుంటుందని. పిల్ల పేరు ఖాయమైన రోజు చెప్పకుండా ఉండవనుకున్నాను. అడిగాను కూడా." అన్నయ్య గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "చివరికి వత్తి ముట్టించేదాకా ఆగుతావని నేననుకోలేదురా."

పావని తుపాకీ దించి నన్నే చూస్తోంది. దాని మొహంలో భయం లేదు, ఏడుపు లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు నాన్నా?"

అబద్ధానికి ఇంకా చోటుంది. ఈమధ్యే అనుమానం వచ్చిందని అనొచ్చు. నాలిక మీదికి వచ్చింది కూడా.

"ఏడాది" అన్నాను.

పావని తలూపింది. తుపాకీ రెండు చేతులతో పట్టుకుని వెళ్ళి అన్నయ్య ఒళ్ళో పెట్టింది. "చెయ్యి మీదే పెదనాన్నా" అంది.

"నీ తప్పేం లేదమ్మా, నువ్వే పేల్చు" అన్నాడు అన్నయ్య.

"వాడుక మీకూ నాన్నకీ ఒకలాగే ఉండాలిగా" అంది.

అన్నయ్య కర్ర సాయంతో లేచాడు. అరవై దాటినవాళ్ళు పట్టకూడదన్న ఆనవాయితీ మాట ఆ పూట ఎవరూ ఎత్తలేదు. కొత్త వత్తి పెట్టి పేల్చాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత. చేల మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. నా చేతిలో అంత గట్టిగా ఎప్పుడూ పలకలేదు. జనం చప్పట్లు కొట్టారు, నేనూ కాలిన చేత్తో కొట్టాను.

సోమవారం దాకా సెలవు పెట్టుకున్న పిల్ల ఆరింటి బస్సుకే వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ డబ్బాలో సర్దిన గారెలు తీసుకుంది. నాతో "వెళ్తున్నా" అని కూడా అంది. నేను పక్కన నడవబోతే, "వద్దు, అమ్మ వస్తుంది" అంది.

సత్యవాణి వేళ్ళకి వెన్న రాసింది. నిన్నట్నుంచి ఈ ఇంట్లో నా కాళ్ళ తిరుగుడు గురించి కూడా ఎవరూ ఏమీ అనడం లేదు.

అక్టోబర్ 14, సోమవారం

హెడ్మాస్టరుకి ఫోన్ చేశాను. చందుర్తి గురించి చెప్పడానికి వస్తాననీ, ఈసారి ఎండిన చెరువు సంగతి కూడా చెప్తాననీ అన్నాను. ఆయనకేం అర్థం కాలేదు, "అలాగేనండి" అన్నారు. చాలా ధైర్యం చేసినవాడిలా ఫోన్ పెట్టేశాను. రెండొందల అరవై ఏళ్ళ కిందటి మనిషి గురించి నిజం చెప్పడానికి ఏం ధైర్యం కావాలి?

పావనికి రెండుసార్లు చేశాను. "పనిలో ఉన్నా నాన్నా" అని మెసేజ్ పెట్టింది.

మధ్యాహ్నం దాహమేసి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాను. జమ్మి దగ్గర పట్టుకున్న కాగితం కాదు, మొదట రాసింది ఇక్కడే ఉండిపోయింది. నెలరోజులుగా చూడనిది మొదటిసారి పూర్తిగా చదివాను. గుండ్రటి అక్షరాలు, చిన్నప్పుడు నేను దిద్దించినవే. పందొమ్మిది పనులు. మొదటి దాని పక్కన మాత్రం ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి ఉంది.

1. గొట్టం ఖాళీగా ఉందా? చూడక్కర్లేదు. నాన్న చెప్పారు.